మా వూలిచ్‌లో పుట్టిన పనితనం

లండన్‌లో మా వూలిచ్ పేరెత్తితే అందరికీ ఫిరంగులే గుర్తొస్తాయి. థేమ్స్ ఒడ్డున ఇప్పుడు మేం కాపురముంటున్న రాయల్ ఆర్సెనల్ ఆవరణ ఒకప్పుడు ఆయుధాల కర్మాగారం. ఇనుప పనిలో చేతివాటాన్ని కొలతగా మార్చిన కథకూ ఈ ఆవరణతో చుట్టరికం ఉంది.

1717 నాటి ఫిరంగుల పోత శాల ఇక్కడ ఇంకా నిలిచే ఉంది. 1770లో హాలండ్ నుంచి యాన్ వెర్‌బ్రుగెన్ దానికి అధిపతిగా వచ్చాడు. ఆయన యంత్రంలో ఫిరంగిని అడ్డంగా పడుకోబెట్టి గుర్రాలతో తిప్పేవారు. తొలిచే కడ్డీ మాత్రం తిరగదు. పళ్ల పట్టీ సాయంతో తిన్నగా లోపలికి జరుగుతుంది. పనిముట్టును ఇలా జరపడాన్నే లేత్ పనివాళ్లు ఫీడ్ అంటారు.

మరుసటి ఏడాది, 1771లో, ఇదే ఊళ్లో హెన్రీ మాడ్స్‌లీ పుట్టాడు. పన్నెండో ఏట ఆర్సెనల్‌లో తూటాలకు మందు కూరే పనిలో చేరాడు. తర్వాత వడ్రంగం, ఆపైన కమ్మరం. పద్దెనిమిదో ఏట బ్రామా అనే తాళాల తయారీదారు కార్ఖానాకు వెళ్లాడు.

అప్పట్లో చాలా లేత్‌ల మీద ఉలి పనివాడి చేతిలోనే ఉండేది. మన ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టేవారికి చేతి ఉలే అందం. ఇనుము అలా లొంగదు. చెయ్యి అలసినా, వణికినా కొలత తప్పుతుంది. మాడ్స్‌లీ ఉలిని చేతి నుంచి తీసి, జారుడు దిమ్మకు బిగించాడు. పారిస్‌లో వొకాన్సన్ అనే యంత్ర నిపుణుడు అంతకుముందే అలాంటి దిమ్మ చేశాడు. మాడ్స్‌లీ దానికి పొడవాటి మరకడ్డీని, పళ్ల చక్రాలను జతచేసి, కార్ఖానాకు పనికొచ్చే గట్టి ఇనుప లేత్‌గా నిలబెట్టాడు.

1800 నాటి ఆయన లేత్‌లో, తిరిగే ఇరుసే పళ్ల చక్రాల ద్వారా మరకడ్డీని తిప్పుతుంది; ఆ కడ్డీ ఉలి ఉన్న దిమ్మను జరుపుతుంది. ఇరుసు ఒక చుట్టు తిరిగితే ఉలి ఎంత జరగాలో ఆ చక్రాలే తేలుస్తాయి. చక్రాలు మారిస్తే మర చుట్ల మధ్య దూరం మారుతుంది. అంతకుముందు ఏ బోల్టుకు ఆ నట్టే జోడీ; ఇప్పుడు ఒకే కొలత మరను మళ్లీ మళ్లీ కోయగలిగారు. ఆయన దగ్గర పని నేర్చిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మర కొలతలకు ఒకే ప్రమాణం ప్రతిపాదించాడు.

మాడ్స్‌లీ 1831లో కన్నుమూశాడు. మా సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చి ఆవరణలోనే ఆయన్ను ఖననం చేశారు. పిల్లలతో ఇక్కడికి వచ్చే తెలుగువారికి ఒక మనవి: ఫిరంగుల దగ్గర ఫొటోలు దిగాక, ఆ పోత శాల ముందు ఒక్క నిమిషం ఆగి, ఈ కమ్మరి కుర్రాడి కథ కూడా వాళ్లకు చెప్పండి.