పోనీబాయ్ కర్టిస్: కౌమార నవలలో నాయకపాత్ర నిర్మాణము

పోనీబాయ్ కర్టిస్ అమెరికా రచయిత్రి ఎస్. ఇ. హింటన్ రచించిన ‘ది అవుట్‌సైడర్స్’ నవలకు నాయకుడు, కథకుడు, వయస్సు పదునాలుగేండ్లు. ఒక్లహోమా రాష్ట్రమందలి టల్సా నగరమున 1948లో జన్మించిన హింటన్, తాను చదివిన విల్ రోజర్స్ ఉన్నత పాఠశాలలో ధనికుల బిడ్డలకును బీదల బిడ్డలకును నడుమ పెరిగిన వైరమును కన్నులార చూచి, పదునైదవ యేట ఈ రచనకు పూనుకొనగా, 1967లో అది అచ్చయినది. మగపిల్లల కథను ఆడుపిల్ల వ్రాసినదని విమర్శకులు చిన్నచూపు చూతురేమోయని ప్రకాశకులు ఆమె పేరును పొడి అక్షరములకు కుదించిరి.

ఈ పాత్రకు లోతు చేకూర్చినది ఉత్తమపురుష కథనము. పోనీబాయ్ తాను చూచినదంతయు దాచక చెప్పును గాని దాని యర్థమును గ్రహించుటలో పలుమారు పొరబడును. ఆ పొరపాటును అతనికంటె ముందుగా పాఠకుడే గుర్తించును. తలిదండ్రులు కారు ప్రమాదమున గతించిన పిదప, పైచదువు ఆశ వదలుకొని, ఇండ్ల పైకప్పులు వేయు పనికి పోవుచు తమ్ములిద్దరిని సాకుచున్న ఇరువదేండ్ల అన్న డారీని అతడు తనయెడ ప్రేమలేని కఠినునిగా తలచును. ఒక రాత్రి ఆలస్యముగా వచ్చినందుకు అన్న చెంపదెబ్బ కొట్టగా ఇల్లు విడిచి పోవును. ఆ రాత్రియే ఉద్యానవనమున తనను నీట ముంచుచున్న ధనిక యువకులలో ఒకనిని స్నేహితుడు జానీ కత్తితో పొడిచి చంపును. తరువాత, మంటలలో చిక్కిన పిల్లలను కాపాడి ఆసుపత్రి చేరిన తన్ను చూచి, తలిదండ్రుల అంత్యక్రియలనాడు సైతము కంటతడి పెట్టని డారీ ఏడ్చుటను కాంచినప్పుడుగాని, ఆ కాఠిన్యమునకు మూలము మరియొకరిని పోగొట్టుకొందునేమోయను భయమని అతనికి తోపదు.

ఆ మంటలలో గాయపడిన జానీ మరణానంతరము వచ్చు ఒక చిన్న సన్నివేశము, ఈ వ్యాసకర్త దృష్టిలో, నవలకెల్ల ప్రాణమువంటిది. మీదికి వచ్చిన ధనిక యువకులను పోనీబాయ్ పగులగొట్టిన సీసా చూపి, జంకుగొంకులు లేక బెదరించి పంపివేయును. ఇతడును రాతిగుండెవాడగుచున్నాడని మిత్రుడు కలతచెందునంతలోనే, ఎవరి కారు చక్రములోనైన గ్రుచ్చుకొనునేమోయని నేలపై చెదరిన గాజుపెంకులను ఏరనారంభించును. వాని మంచితనమును గూర్చి రచయిత్రి ఇచట ఒక్క విశేషణమైనను వాడలేదు. ఇంతకంటె సాహసోపేతమైనది, దుఃఖభారమున మతి చెదరిన కథకుడు జానీ చావనేలేదనియు, హత్య తానే చేసితిననియు పట్టుపట్టు ఘట్టము. అంతవరకు నమ్మదగిన సాక్షియై నిలిచిన వాని మాటను పాఠకుడు మొదటిసారి నమ్మజాలక, వానికై తల్లడిల్లును. ఆంగ్లోపాధ్యాయుడు వ్రాసితెమ్మన్న వ్యాసమే ఈ నవలయని తుదకు తెలియునప్పుడు, ఆ కథ చెప్పుకొనుటయే అతడు కోలుకొను మార్గమైనదని బోధపడును.

లోపములు లేకపోలేదు. తాను గ్రహించిన సత్యములను కథకుడు అక్కడక్కడ మరీ విప్పి చెప్పివేయును. ధనికవర్గపు బాలిక చెర్రీ తప్ప స్త్రీపాత్రలకు నిండుదనము లేదు. పుస్తకప్రియుడును, వాక్చతురుడునైన కథకునివలన కలుగు, అంతయు విప్పి చెప్పివేయు సౌలభ్యమును హింటన్ 1975 నాటి ‘రంబుల్ ఫిష్’లో బుద్ధిపూర్వకముగా విడిచిపెట్టి, తన మనస్సులోనిదానిని మాటలలో పెట్టలేని రస్టీ జేమ్స్ అను బాలునిచేత కథ చెప్పించినది.