అమ్మ పుట్టింటిపేరు అడిగితే మనమేం రాయాలి?

పాస్‌వర్డ్ మరచిపోవడం లోకమంతా పడే పాటే. మన గంజాం తెలుగువాళ్లకు అసలు తిప్పలు ఆ తర్వాతే మొదలవుతాయి. "మీ తల్లిగారి పుట్టింటి పేరు? మీరు పుట్టిన ఊరు?" అని తెర మీద ప్రశ్నలు వస్తాయి కదా, అక్కడ.

ఈ ప్రశ్నలు కంప్యూటర్ కన్నా పాతవి. 1906లో అమెరికా బ్యాంకర్ల సభలో బాల్టిమోర్‌కు చెందిన విలియం హేడెన్ తమ బ్యాంకు పద్ధతి చెప్పాడు. ఖాతా తెరిచేటప్పుడే సంతకం కార్డు మీద పుట్టిన చోటు, తల్లి పుట్టింటి పేరు రాయించుకునేవారట. సంతకంతో పాటు అవి కూడా మనిషిని పోల్చుకోవడానికి పనికొచ్చేవి.

మన దగ్గర ఆ లెక్క కుదరదు. మేనమామను చేసుకున్న ఆడపిల్లకు తల్లి పుట్టింటిపేరే అత్తింటిపేరు. రోజూ సంతకంలో రాసేదే ఆవిడ రహస్యం! మేనమామ కూతుర్ని చేసుకున్నవాడికైతే తల్లిదీ భార్యదీ ఒకే పుట్టిల్లు. ఆ సంగతి శుభలేఖలో అచ్చేయించి వీధివీధంతా పంచిపెట్టుకున్నాం కూడా.

ఇక పుట్టిన ఊరు. 1936 ఏప్రిల్ 1న బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కొత్త ఒరిస్సా రాష్ట్రంలోకి వచ్చింది. అంతవరకు గంజాం జిల్లాలోనే ఉన్న ఇచ్ఛాపురం విశాఖ జిల్లాకు పోయి, 1950లో శ్రీకాకుళం జిల్లాలో తేలింది. పర్లాకిమిడి 1992లో గజపతి జిల్లా కిందికి వెళ్లింది. 2011లో ఒరిస్సా ఒడిశా అయింది. నోటితో మనం బరంపురం అంటాం, పాత కాగితాల్లో ఇంగ్లీషు వాళ్ల బెర్హంపూర్, స్టేషన్ బోర్డు మీద బ్రహ్మపూర్. మనిషైతే మూడూ ఒకటే అనుకుంటాడు. యంత్రం అక్షరం తేడా వచ్చినా పొమ్మంటుంది. మన పేర్లదీ అదే గతి. ఒడియాలో 'వ' చాలాచోట్ల 'బ' అవుతుంది కాబట్టి ఇంట్లో వెంకట, స్కూలు సర్టిఫికెట్‌లో బెంకట. పెన్షన్ ఖాతా తెరిచిన రోజున ఏది రాశామో ఎనభై ఏళ్ల తాతగారికి ఎలా గుర్తుంటుంది? మూడుసార్లు తప్పితే ఖాతా బంద్, మర్నాడు పొద్దున్నే బ్రాంచి ముందు లైను.

పెద్దక్షరం, అంకె, గుర్తు కలపాలన్న నియమాలకు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ 2003లో రాసిన పత్రం పెద్ద ఆధారం. మనం చదివే తెలుగుకీ ఒడియాకీ పెద్దక్షరాలే లేవు! 2017లో ఆయనే అందులో చాలావాటికి విచారపడ్డాడు. అదే ఏడు నిస్ట్ కూడా ఆ కలగలుపు బలవంతం వద్దంది, ఊరికే మార్పించడం వద్దంది, మొదటి పెంపుడు జంతువు పేరేమిటన్న తరహా ప్రశ్నలూ వద్దంది. మన ఫారాల్లో మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నారు.

అంచేత సంఘంలోని పెద్దలకు మేం చెప్పేది ఇదీ: పాస్‌వర్డ్‌గా ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి. పుట్టింటిపేరు అడిగిన చోట నిజమే రాయాలని లేదు, మీకు తోచిన వేరే మాట రాయండి. ఏ స్పెల్లింగుతో రాశారో పుస్తకంలో ఎక్కించి, బీరువాలో దస్తావేజుల పక్కన పెట్టండి. ఫోన్ చేసి అడిగినవాడికి, బ్యాంకు వాడినని చెప్పినా సరే, ఆ పుస్తకం తెరవొద్దు.