తారల జట్లు: ఖర్చు, ఆకర్షణ, ఫలితం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• తెలుగు ప్రాంతాల క్రీడా చరిత్రలో పేరున్న ఆటగాళ్లను సమీకరించిన మూడు పద్ధతులను గుర్తించగలుగుతారు.
• తార ఆటగాడి వల్ల కలిగే జనాకర్షణకూ, జట్టు సాధించే ఫలితానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• జీతాలపై పరిమితి ఎందుకు అవసరమైందో చర్చించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

నర్సీపట్నం, చోడవరం పరిసర గ్రామాలలో సంక్రాంతి కబడ్డీ పోటీలు చూసినవారికి ఒక విషయం తెలిసే ఉంటుంది. మంచి రైడర్ ఒకడు పొరుగూరి నుంచి వస్తున్నాడని తెలిస్తే, ఆ సాయంత్రం జనం రెట్టింపు అవుతారు. అతనికి దారి ఖర్చులు, భోజనం, కొంత సొమ్ము ఎవరో ఒకరు భరించాలి. ఇంతా చేసి ఆ జట్టు గెలుస్తుందన్న నమ్మకం లేదు. పెద్ద పెద్ద లీగులలో కోట్ల రూపాయలతో జరిగే వ్యవహారం కూడా మూలంలో ఇదే.

తారల జట్టును చరిత్ర విద్యార్థి పరిశీలించేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఖర్చు ఎవరు పెట్టారు? ఆ ఖర్చుతో వారు కొన్నది ఏమిటి? జట్టు ఓడినప్పుడు నష్టం ఎవరికి మిగిలింది? ఈ మూడు ప్రశ్నలకు సంస్థానాల కాలంలోనూ, ప్రభుత్వోద్యోగాల కాలంలోనూ, నేటి వేలంపాటల కాలంలోనూ వేర్వేరు జవాబులు లభిస్తాయి. అయితే మూడు కాలాలలోనూ మారని విషయం ఒకటుంది. తారను ఒక్క రోజులో తెచ్చుకోవచ్చు గాని, జట్టును ఒక్క రోజులో తయారుచేయలేరు.

2. సంస్థానాధీశుల పోషణ

1930లో ఉప్పు సత్యాగ్రహం, శాసనోల్లంఘన ఉద్యమం కారణంగా ఇంగ్లండు ఎం.సి.సి. జట్టు భారత పర్యటన రద్దయింది. ఆ లోటును పూరించడానికి ముందుకు వచ్చినవాడు విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతి రాజు. క్రికెట్ లోకం ఆయనను 'విజ్జీ' అని పిలిచింది. ఆయన సొంత జట్టును కూర్చి 1930-31లో భారతదేశం, సిలోను అంతటా పర్యటింపజేశాడు. ఆ జట్టులో ఆనాటి ప్రపంచ ప్రసిద్ధ ఓపెనింగ్ జంట జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ ఉన్నారు. అంతకుముందు అనేకసార్లు భారతదేశానికి రావడానికి ఒప్పుకోని హాబ్స్ తన 48వ ఏట ఈ ఆహ్వానాన్ని అంగీకరించాడు. నాలుగేళ్ల తరువాత వెస్టిండీస్ ఆటగాడు లియరీ కాన్‌స్టంటైన్‌ను కూడా విజ్జీ మొయినుద్దౌలా గోల్డ్ కప్ పోటీలకు రప్పించాడు. సికింద్రాబాదులో జరిగే ఆ పోటీ హైదరాబాదు పాయిగా నవాబు పేరున వెలసింది.

ఈ దశలో ఖర్చు పెట్టినవాడు పోషకుడు. ఆయన కొన్నది ప్రతిష్ఠ. టిక్కెట్ల రాబడి ఆయనకు ముఖ్యం కాదు. సామాన్య ప్రేక్షకుడికి దీనివల్ల మేలు లేకపోలేదు. వార్తాపత్రికలలో పేరు మాత్రమే చదివిన ఆటగాళ్లను కళ్లారా చూసే అవకాశం కలిగింది. ముస్తాక్ అలీ వంటి యువకుడిని చదువుకునే వయస్సులోనే చేరదీసి శిక్షణ ఇప్పించిన ఘనత కూడా విజ్జీదే.

అయితే డబ్బు వల్ల వచ్చిన పలుకుబడి మైదానంలో పనిచేయలేదు. 1936లో విజ్జీ భారత జట్టు నాయకుడిగా ఇంగ్లండు వెళ్లాడు. మూడు టెస్టులలో ఆయన చేసిన పరుగులు మొత్తం 33. జట్టు రెండు టెస్టులు ఓడింది, ఒకటి డ్రా అయింది. పర్యటన మధ్యలోనే లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో వెనక్కి పంపారు. సి.కె. నాయుడు, విజయ్ మర్చంట్ వంటి సమర్థులున్నా జట్టు ఒక్కటిగా నిలవలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఇందోరు హోల్కర్ జట్టు. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు 1923లో హోల్కర్ మహారాజా కొలువులో చేరి, దశాబ్దాల పాటు అక్కడే ఉన్నాడు. ఆయన తీర్చిదిద్దిన హోల్కర్ జట్టు రంజీ ట్రోఫీని నాలుగుసార్లు గెలిచింది. 1944-45 ఫైనల్‌లో ఆ జట్టు తరఫున ఇంగ్లండు తార డెనిస్ కాంప్టన్ ఆడి 249 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. అయినా బొంబాయి 374 పరుగుల తేడాతో నెగ్గింది. తరువాతి సంవత్సరమే హోల్కర్ జట్టు మొదటిసారి ట్రోఫీని గెలిచింది. అప్పుడు కాంప్టన్ లేడు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
విజ్జీ పోషణకు, హోల్కర్ మహారాజా పోషణకు మధ్య మీరు గమనించిన తేడా ఏమిటి? అయిదు వాక్యాలలో రాయండి.

3. ఉద్యోగం ఆధారంగా నిలిచిన జట్లు

స్వాతంత్ర్యానంతరం సంస్థానాలు పోయాయి. ఆటగాళ్లను పోషించే బాధ్యత పోలీసు, రైల్వే, బ్యాంకుల వంటి సంస్థలపై పడింది. ఈ దశకు చక్కని ఉదాహరణ హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం దీనికి శిక్షకుడు. 1950 నుంచి 1954 వరకు ఈ జట్టు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీం శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణాలు సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది.

ఈ జట్టు ఆటగాళ్లు దేశమంతటా పేరు పొందారు. కాని వారు తారలుగా కొనుక్కున్నవారు కారు. ఉద్యోగంలో చేరి, ఏళ్ల తరబడి కలిసి ఆడి తారలైనవారు. ఆటగాడికి దక్కింది నెల జీతం, వృత్తి భద్రత. గాయపడితే రోడ్డున పడవలసిన పని లేదు. ఖర్చు ప్రభుత్వ ఖజానాది, అది తక్కువే.

ఈ పద్ధతిలో లోపం కూడా ఉంది. ఎక్కువ ఆదరణ, ఎక్కువ సొమ్ము ఉన్న కలకత్తా క్లబ్బులు పిలిస్తే మంచి ఆటగాళ్లు వెళ్లిపోయేవారు. సికింద్రాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి అక్కడే గొప్ప పేరు తెచ్చుకున్నాడు. ఆటగాడి కోణంలో చూస్తే ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆట బతికే కాలం తక్కువ. తన విలువకు తగిన చోటును అతడు వెతుక్కుంటాడు. ఆ విలువను బహిరంగంగా కట్టే వ్యవస్థ మాత్రం చాలా కాలం తరువాతే వచ్చింది.

4. వేలంపాట కాలం: దక్కన్ చార్జర్స్

2008లో ఇండియన్ ప్రీమియర్ లీగ్ ప్రారంభమైంది. హైదరాబాదు జట్టును దక్కన్ క్రానికల్ సంస్థ పదేళ్లకు 10 కోట్ల 70 లక్షల డాలర్లకు దక్కించుకుంది. ఫిబ్రవరి 20న జరిగిన ఆటగాళ్ల వేలంలో ఆండ్రూ సైమండ్స్‌కు 13.5 లక్షల డాలర్లు పెట్టింది. ఆ రోజు అంతకన్నా ఎక్కువ ధర మహేంద్ర సింగ్ ధోనీకి మాత్రమే పలికింది. ఆర్.పి. సింగ్‌కు 8.75 లక్షలు, రోహిత్ శర్మకు 7.5 లక్షలు, ఆడం గిల్‌క్రిస్ట్‌కు 7 లక్షల డాలర్లు దక్కాయి. షాహిద్ అఫ్రిదీ, హెర్షెల్ గిబ్స్ కూడా ఇదే జట్టులో చేరారు.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా గమనించాలి. అప్పటి లీగు నియమం ప్రకారం 'ఐకాన్' ఆటగాడికి ఆ జట్టులో అత్యధిక ధర పలికినవారి కంటే 15 శాతం ఎక్కువ చెల్లించవలసి ఉండేది. హైదరాబాదుకు ఐకాన్ కాదగినవాడు వి.వి.ఎస్. లక్ష్మణ్. తనకు ఆ హోదా వద్దని, ఆ సొమ్ముతో ఇతర ఆటగాళ్లను తీసుకోవచ్చని ఆయన తప్పుకున్నాడు. అంటే తారల జట్టు ఖర్చులో కొంత భాగాన్ని సొంత ఊరి ఆటగాడే భరించాడని చెప్పవచ్చు.

ఫలితం ఏమైంది? 14 మ్యాచ్‌లలో రెండే విజయాలు. ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం. ఉప్పల్ మైదానంలో ఆడిన ఏడు మ్యాచ్‌లూ ఓటమే. ఏప్రిల్ 24న సైమండ్స్ అక్కడ అజేయంగా 117 పరుగులు చేశాడు. జట్టు స్కోరు 214కు చేరింది. అయినా చివరి ఓవర్లో రాజస్థాన్ రాయల్స్ గెలిచింది. ఆ రాత్రి మైదానానికి వచ్చిన ప్రేక్షకుడు తన డబ్బుకు తగిన వినోదం పొందాడు. గెలుపు మాత్రం పొందలేదు. తారల ఆకర్షణకు, ఫలితానికి మధ్య తేడా ఈ ఒక్క మ్యాచ్‌లోనే కనబడుతుంది. ఆ ఏడాది కప్పు గెలిచింది రాజస్థాన్. ఎనిమిది ఫ్రాంఛైజీలలో అన్నిటికంటే తక్కువ ధర, 6 కోట్ల 70 లక్షల డాలర్లు, పలికినది అదే.

మరుసటి ఏడాది ఎన్నికల కారణంగా లీగు దక్షిణాఫ్రికాకు తరలింది. ప్రధాన ఆటగాళ్లు చాలా వరకు వారే. అయితే గిల్‌క్రిస్ట్ పూర్తికాల నాయకుడయ్యాడు, డారెన్ లేమన్ శిక్షకుడిగా వచ్చాడు. ఆర్.పి. సింగ్ 23 వికెట్లతో లీగులోనే ముందు నిలిచాడు. 2009 మే 24న జోహన్నెస్‌బర్గ్‌లో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించి చార్జర్స్ విజేత అయింది. ధర మారలేదు, పేర్లు పెద్దగా మారలేదు. మారినవి నాయకత్వం, కలిసి ఆడిన అనుభవం.

2010లో తెలంగాణ ఉద్యమ పరిస్థితుల వల్ల చార్జర్స్ 'సొంత' మ్యాచ్‌లు నాగపూరు, కటక్, నవీ ముంబైలకు వెళ్లాయి. దానితో కప్పు గెలిచిన జట్టును సొంత ఊరి ప్రేక్షకులు ఆ సీజన్‌లో చూడలేకపోయారు. 2011 వేలంతో గిల్‌క్రిస్ట్, సైమండ్స్, రోహిత్ వేరే జట్లకు చేరారు. రెండేళ్లుగా కుదిరిన జట్టు చెదిరిపోయింది. డేల్ స్టెయిన్, కుమార సంగక్కర వంటి కొత్త తారలు వచ్చినా 2011లో ఏడో స్థానం, 2012లో ఎనిమిదో స్థానం మిగిలాయి.

ఈలోగా మాతృసంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. 2012 సెప్టెంబరులో బి.సి.సి.ఐ. ఒప్పందాన్ని రద్దు చేసింది. గడువులోగా 100 కోట్ల రూపాయల బ్యాంకు హామీ చూపలేకపోవడంతో అక్టోబరులో జట్టు చరిత్ర ముగిసింది. హైదరాబాదు ఫ్రాంఛైజీని సన్ టి.వి. సంస్థ ఏడాదికి 85.05 కోట్ల చొప్పున తీసుకుని సన్‌రైజర్స్ పేరు పెట్టింది. చార్జర్స్ పతనానికి తారల జీతాలే కారణమని చెప్పడం సరికాదు. మాతృసంస్థ అప్పులు వేరు, ఆటగాళ్ల వేలం వేరు. కాని జట్టు ఒక సంస్థ ఆస్తిగా మారినప్పుడు, ఆ సంస్థ కష్టాలు జట్టును కూడా ముంచుతాయని ఈ ఉదంతం తెలుపుతుంది.

5. కబడ్డీలో అదే పాఠం

2014లో ప్రొ కబడ్డీ లీగు మొదలైనప్పుడు అత్యధిక ధర రాకేశ్ కుమార్‌కు పలికిన 12.80 లక్షల రూపాయలు. 2018 నాటికి ధర కోటి దాటింది. మొదట విశాఖపట్నం కేంద్రంగా ఉన్న తెలుగు టైటాన్స్ 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ను 1.45 కోట్లకు తీసుకుంది. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌కు 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలు పెట్టింది. అప్పటికి కబడ్డీలో అదే రికార్డు. జట్టు మొత్తానికి అనుమతించిన జీతాల పరిమితి 5 కోట్లు. అంటే సగానికి పైగా సొమ్ము ఒక్క ఆటగాడికే పోయింది. పవన్ బాగానే ఆడాడు. కాని 22 మ్యాచ్‌లలో టైటాన్స్ గెలిచినవి రెండే, స్థానం అట్టడుగు.

దీనిని 2022 సీజన్‌తో పోల్చి చూడండి. అప్పుడు ఇదే పవన్‌ను తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు పైగా పెట్టి కొంది. మొదటి మ్యాచ్‌లోనే గాయపడి అతడు సీజన్‌కు దూరమయ్యాడు. అయినా నరేందర్ వంటి యువ రైడర్లతో ఆ జట్టు సెమీఫైనల్ చేరింది. కబడ్డీలో రైడర్ తెచ్చే పాయింట్లు ఎంత ముఖ్యమో, ఏడుగురు ఒకే ఊపిరితో పట్టే పట్టు అంతే ముఖ్యం. ఆ పట్టుకు వేలంలో ధర కట్టలేరు.

6. ఇతర దేశాల అనుభవం

ఈ సమస్య మనకే పరిమితం కాదు. స్వీడన్‌లో స్పీడ్‌వే అనే మోటారు సైకిల్ పందెం లీగు ఉంది. బ్రేకులు లేని బండ్లపై మట్టి ట్రాకు మీద నలుగురేసి పోటీపడతారు. అవెస్టా, వెట్లాండా, మోలిల్లా వంటి చిన్న ఊళ్ల క్లబ్బులు కూడా ప్రపంచస్థాయి రైడర్లను తెచ్చుకున్నాయి. ఒకే రైడర్ పోలండు, స్వీడన్ లీగులు రెండింటిలోనూ ఆడడం మామూలే. తెచ్చిన పాయింట్లను బట్టి సొమ్ము చెల్లించే పద్ధతి ఉండడం వల్ల, రైడర్ బాగా ఆడినకొద్దీ క్లబ్బు ఖర్చు పెరుగుతుంది. అందుకే రైడర్ల సగటు పాయింట్ల మొత్తానికి ఒక హద్దు పెట్టి, తారలందరూ ఒకే జట్టులో పోగుపడకుండా చూశారు. మన లీగుల జీతాల పరిమితి ఉద్దేశం కూడా అదే.

అయితే పరిమితి జట్ల మధ్య సమానతను కొంతవరకే కాపాడుతుంది. ఒక జట్టు తన వాటాలో సగం ఒక్కరికే ఇస్తే, మిగిలినవారికి మిగిలేది ఎంత అన్న ప్రశ్నకు ఆ నియమం జవాబు చెప్పదు.

7. సారాంశం

పోషకుడు ప్రతిష్ఠ కోసం, ప్రభుత్వ సంస్థ తన పేరు కోసం, ఫ్రాంఛైజీ జనాకర్షణ కోసం ఖర్చు పెట్టాయి. తార వచ్చిన రోజే ఆకర్షణ మొదలవుతుంది. టిక్కెట్లు అమ్ముడవుతాయి, ప్రకటనలు వస్తాయి, చిన్న ఊళ్ల పిల్లలకు ఒక ఆశ కలుగుతుంది. దానిని తక్కువ చేయడం చరిత్రకు న్యాయం కాదు. కాని విజయాలు వచ్చినచోటల్లా కలిసి గడిపిన కాలం కనబడుతుంది: నాయుడి హోల్కర్, రహీం పోలీసు జట్టు, 2009 చార్జర్స్. నష్టం వచ్చినప్పుడు తార మరో జట్టుకు పోగలడు. యజమాని జట్టును వదులుకోగలడు. పోవడానికి మరో చోటు లేనివారు ఆ ఊరి ప్రేక్షకులు, ఆ జట్టు మీద ఆశ పెట్టుకున్న స్థానిక ఆటగాళ్లు.

నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. క్రీడా పోషణలోని మూడు దశలను ఉదాహరణలతో వివరించండి.
2. 2008, 2009 సంవత్సరాలలో దక్కన్ చార్జర్స్ ఫలితాలలోని తేడాకు కారణాలను విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జీతాల పరిమితి ఉద్దేశం, దాని లోపం.
2. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు.

III. అభ్యాసం
మీ ఊరిలో జరిగే ఒక పండుగ పోటీని ఎంచుకోండి. బయటి ఆటగాళ్లకు ఎవరు ఖర్చు పెట్టారో, దానివల్ల స్థానిక ఆటగాళ్లకు కలిగిన మేలు, నష్టం ఏమిటో పెద్దలను అడిగి రెండు పుటల నివేదిక తయారు చేయండి.