ముఖమునకు మెరుగు

పాత ఇండ్ల గోడలపై నల్లని చట్రములలోనుండి మనలను చూచుచున్న తాతలను, నాయనమ్మలను ఒకమారు పరికింపుడు. ఏబదేండ్లు దాటినవారి నొసట గూడ ముడుత కానరాదు. చెక్కిళ్లపై మచ్చ యుండదు. చర్మము మీగడవలె నున్నగా నుండును. మశూచి మన దేశమును విడిచిపోయినది 1975లో. అంతకు పూర్వము దాని మచ్చలు గల ముఖములు ప్రతి ఊరను కనబడుచుండెను. స్టూడియోలలో తీయించిన చిత్రములలో మాత్రము ఆ మచ్చలు తరచుగా కానరావు. ఇది కెమెరా చేసిన మాయ కాదు. సూదివలె చెక్కిన పెన్సిలుతో ఒక మనిషి చేయి చేసిన పని. దానికి రీటచింగ్ అని పేరు. ఈ విద్య మొదట దేనిని దిద్దుటకు పుట్టినదో, తుదకు దేనిని చెరుపుటకు అలవాటు పడినదో మనము విచారింతము.

ఛాయాగ్రహణము 1839లో పారిస్ నగరమున లోకమునకు ప్రకటింపబడెను. డాగేర్ కనిపెట్టిన ఆ పద్ధతిలో వెండిపూత గల రాగిరేకుపై బొమ్మ పడును. ఒక రేకునకు ఒకటే బొమ్మ. వ్రేలు తగిలిన చెరిగిపోవును గనుక దానిపై దిద్దుబాటు సాగదు. చెక్కిళ్లకు గులాబిరంగు పొడియు, నగలకు బంగారు పొడియు కుంచెకొనతో అద్దుట మాత్రమే సాధ్యమయ్యెను. ఇంగ్లండులో టాల్బట్ 1841లో పేటెంటు పొందిన పద్ధతి వేరు. అందు ముందుగా కాగితముపై వెలుగునీడలు తారుమారైన నెగటివ్ ఏర్పడును. దానినుండి పెక్కు ప్రతులు తీయవచ్చును. 1851లో ఆర్చర్ కాగితమునకు బదులు గాజుపలకను వాడు పద్ధతిని ప్రచురించెను. దానితో దిద్దువాని చేతికి చోటు దొరకెను.

ఏలయన, ముఖముమీది ముడుత నీడగా నుండును. నెగటివ్‌పై అది తేటగీతగా పడును. ఆ గీతలో పెన్సిలుతో కొంచెము నలుపు నింపినచో, కాగితముపై తీసిన ప్రతిలో ముడుత మాయమగును. మ్యూనిక్ నగరపు ఛాయాగ్రాహకుడు హాన్ఫ్‌స్టేంగ్ల్ 1855 నాటి పారిస్ మహాప్రదర్శనమున ఒకే వ్యక్తి చిత్రమును దిద్దక మునుపటిదియు, దిద్దిన పిమ్మటిదియు చూపగా జనులు విస్తుపోయిరని చరిత్రకారులు వ్రాసిరి. అది మొదలు, దిద్దని చిత్రమును ఇంటికి తీసికొనిపోవుటకు ఇష్టపడువారు తగ్గిపోయిరి.

అయినను ఆ పనివారి పక్షమున ఒక మాట చెప్పవలసియున్నది. ఆనాటి పలకలకు నీలము, ఊదా వెలుగులే తెలియును. ఎఱుపును పసుపును వానికి చీకటితో సమానము. కంటికి కనబడీ కనబడని ఎఱ్ఱని మొటిమ పలకపై నల్లని పుండువలె పడెడిది. పాశ్చాత్యుల చర్మముపైనుండు లేత గోధుమవన్నె చుక్కలు మసిచుక్కలుగా మారెడివి. మన చామనచాయ ఉన్నదానికంటె మిక్కిలి నల్లగా వచ్చెడిది. అనగా పలకయే అబద్ధమాడెను. పెన్సిలు ఆ అబద్ధమును దిద్దెను. రీటచింగ్ మొదట పొగడ్తకొఱకే కాదు, కొంతవఱకు న్యాయముకొఱకును పుట్టినది.

ఆ పని ఓర్పుతో కూడినది. ఏటవాలుగా నిలిపిన చట్రము నడుమ గరుకుగాజు. క్రింద నొక అద్దము కిటికీ వెలుగును పైకి త్రిప్పును. నెగటివ్‌ను ఆ గాజుపై నుంచి, డామరు బంకను టర్పెంటైనులో కరిగించిన ద్రవమును పలుచగా పూసినచో నున్నని తలముపై పెన్సిలునకు పట్టు దొరకును. గట్టి పెన్సిలును గరుకు కాగితముపై సానబట్టి, కామాలవంటి చిరుగీతలతో మచ్చను చుట్టుప్రక్కల ఛాయలో కలుపవలయును. ఒత్తిడి ఎక్కువైనచో ప్రతిలో తెల్లని మరక పడును. వెలుగు తగ్గింపవలసినచోట సన్నని కత్తితో పలకను గీకుదురు. నేర్పరి యగువాడు ఎముకల పొందికను ఎఱిగి పెన్సిలు పట్టును. నేర్పు లేనివాడు ప్రతి నీడను పూడ్చి, మనిషిని మైనపు బొమ్మగా మార్చును.

మృదుత్వమునకు పెన్సిలు లేని దారియు నొకటి గలదు. 1815లో కలకత్తాలో జన్మించిన జూలియా మార్గరెట్ కామెరాన్ నలువది యెనిమిదవ యేట, అనగా 1863లో, కెమెరాను చేపట్టెను. ఆమె కటకమును స్ఫుటత కొంచెము తగ్గునట్లు నిలిపి, మంచుతెర వెనుక నున్నట్లు ముఖములను చిత్రించెను. ఆమెకు పని రాదని విమర్శకులు ఎగతాళి చేసిరి. అయినను 1866లో డాల్మేయర్ అను కటకముల నిర్మాత, కావలసినంత మృదుత్వమును కటకములోనే అమర్చుకొనగల సాధనమును అమ్మసాగెను. పిమ్మటి తరములవారు పలుచని మేజోడు బట్టను కటకమునకు అడ్డముగా కట్టి అదే ఫలితమును సాధించిరి. ఈ దారిలో ముడుత చెరుగదు. దాని కాఠిన్యము మాత్రము తగ్గును.

మన ప్రాంతమునందు ఈ కళను తలచుకొనగనే స్మరింపవలసినవాడు రాజా దీనదయాళ్. 1844లో మీరట్ సమీపమున సర్ధానాలో పుట్టి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికిందరాబాదున స్టూడియో నెలకొల్పెను. 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీలకొఱకు ప్రత్యేకముగా ఒక స్టూడియో తెఱచి, దానిని ఒక ఆంగ్లవనితకు అప్పగించెను. దేశమందలి సంస్థానములలో అంతకు పూర్వము చిన్నచిన్న పటములు వ్రాసి జీవించిన చిత్రకారులు ఛాయాచిత్రములపై రంగులు పూయసాగిరి. జరీ అంచులు, ముత్యాలహారములు, వెనుక తివాచీలు వారి కుంచెలనుండి వచ్చినవే. మన దేశమున చిత్రమనగా ఉన్నది ఉన్నట్లు చూపునది మాత్రమే కాదు, మర్యాదయు చూపవలయును.

కాని కాలము మాఱెను. 1873లో జర్మనీకి చెందిన ఫోగెల్ కొన్ని అద్దకపు రంగులను కలిపినచో పలకకు ఇతర వెలుగులును తెలియునని కనుగొనెను. 1906 నాటికి సర్వవర్ణములను గ్రహించు పలకలు ఇంగ్లండులో అమ్మకమునకు వచ్చెను. పలక అబద్ధము మానెను. పెన్సిలు మాత్రము మానలేదు! హాలీవుడ్‌లో జార్జి హరెల్ 1931లో జోన్ క్రాఫోర్డ్‌ను తీసిన చిత్రము అందులకు సాక్షి. నెగటివ్‌పై ఆమె ముఖము నిండ చుక్కలున్నవి. పత్రికలకు పంపిన ప్రతిలో ఒక్కటియు లేదు. మన స్టూడియోలలో పెండ్లి సంబంధములకు పంపు చిత్రములలో చామనచాయ పిల్ల తెల్లనిదయ్యెను. ఇది పలక తప్పు దిద్దుట కాదు. ఆ పిల్ల చాయయే తప్పని ఆమెకును, చూచువారికిని చెప్పుట. పెండ్లిచూపులనాడు ఆ తెలుపునకు లెక్క చెప్పవలసివచ్చినది ఆ పిల్లయే గాని, పెన్సిలు పట్టినవాడు కాడు.

చిత్రమునకు సాక్ష్యము ముఖ్యమైనచోట లోకము తొలినుండియు కఠినముగనే యుండెను. పారిస్ పోలీసుశాఖకు చెందిన బెర్తియోన్ 1890లో ప్రచురించిన గ్రంథమున నేరస్థుల చిత్రములకు దిద్దుబాటు తగదని విధించెను; ఏలయన మచ్చయే గుర్తు. నేటి పాస్‌పోర్టు చిత్రములకును అదియే నియమము. 1990లో ఫోటోషాప్ అను కంప్యూటరు సాధనము వెలువడెను. 2002లో దానికి మచ్చను చుట్టుప్రక్కల చర్మములో కలిపి పూడ్చు కుంచె వచ్చి చేరెను. నేడు మన చేతిలోని ఫోన్లు పెక్కు, మన మడుగకయే ముఖమును నునుపు చేయుచున్నవి. మోడళ్ల దేహములను దిద్దిన ప్రకటన చిత్రములపై ఆ సంగతి తెలుపవలయునని ఇజ్రాయెల్ 2012లో, ఫ్రాన్సు 2017లో, నార్వే 2021లో శాసించెను.

గృహస్థులమైన మనకు శాసనముకంటె వివేకము మేలు. వచ్చిపోవు మొటిమను తొలగించుట తప్పు గాదు; అది మనిషిలో భాగము కాదు. పుట్టుమచ్చ, పాత గాయపు గుర్తు, నవ్వి నవ్వి కనుకొలకుల ఏర్పడిన గీతలు, తండ్రినుండి వచ్చిన చాయ, ఇవి మనిషివి. దిద్దిన ప్రతి గోడపై నున్నను, దిద్దని ప్రతిని ఒకదానిని పెట్టెలో భద్రపఱచుదము. తన చెక్కిలిపై నున్న పుట్టుమచ్చ ఎవరినుండి వచ్చినదని రేపు మనుమరాలు అడిగిననాడు, చూపుటకు మనయొద్ద అదియే యుండును.