ముగ్గురాయి చెప్పే హిసాబ్

ఖాలా హజ్ కోసం దాచిన పైసలతో అమెరికాలోని చిన్న షేల్ కంపెనీల షేర్లు కొందామని ఆమె కొడుకు అడిగాడు. నాకు మన పాత కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి యాదొచ్చింది.

ఈ రాయి నీళ్లకన్నా 4 రెట్లకు పైగా బరువు. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి గ్యాస్ ఎగదన్నకుండా దీని పొడిని బురదలో కలుపుతారు. అక్కడ బావులు తవ్వితేనే ఇక్కడ ముగ్గురాయికి గిరాకీ. 2014 నడుమ బ్యారెల్ 100 డాలర్లు దాటింది. 2016 మొదట్లో 30 కిందికి పడింది. రిగ్గులు ఆగాయి.

షేల్ బావి దిగుబడి మొదటి ఏడాదే సగానికి పైగా తగ్గుతుంది. మళ్లీ కొత్త బావి, మళ్లీ కర్జ్. ధర పడగానే చిన్న కంపెనీలు వరసగా మునిగాయి. 2020లో చెసాపీక్ అంతటిదే దివాలా తీసింది. పాత షేర్లు రద్దయ్యాయి. సూద్‌కిచ్చినవాళ్ల హక్కు ముందు, షేర్లున్నవాళ్లది ఆఖరు.

"నఫా నుక్సాన్ పంచుకునే తిజారత్ జాయజే. సూద్ మీద నిలబడ్డ బావిలో మాత్రం అమ్మీ హజ్ పైసలు పొయ్యొద్దు, భాయ్" అన్నాను.