రేవా కారు జమాఖర్చులు

కరెంటు కార్ల చరిత్ర మన దేశంలో నిన్నగాక మొన్న మొదలైందన్నట్టు ఎవరైనా మాట్లాడితే నాకు మనసు చివుక్కుమంటుంది. 2001లోనే బెంగళూరు రోడ్ల మీద రేవా తిరిగింది. ఆ బండిని కొన్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందులో నాకు దక్కిన సుఖం, దానికి నేను కట్టిన మూల్యం రెండూ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

బెంగళూరు మైనీ గ్రూపు, అమెరికాకు చెందిన అమెరిగాన్ కలిసి 1994లో రేవా కంపెనీ పెట్టాయి. 1990లో అమెరికాలో జరిగిన సౌరశక్తి కార్ల పందెంలో మిషిగన్ విశ్వవిద్యాలయం గెలిచింది. ఆ జట్టులో పనిచేసిన చేతన్ మైనీయే రేవా వెనకున్న మనిషి. రెండు తలుపులు, రెండున్నర మీటర్ల పైచిలుకు పొడవు. ముందు ఇద్దరు పెద్దవాళ్లు, వెనక ఇద్దరు పిల్లలు పడతారు. వేగం గంటకు 65 కిలోమీటర్లు మించదు. ఒకసారి చార్జింగ్ పెడితే 80 కిలోమీటర్లు అనేవారు గానీ, ఎత్తుపల్లాల రోడ్లు, ట్రాఫిక్కు, పాతబడుతున్న బ్యాటరీలు కలిస్తే 60 అనుకుని బయల్దేరడమే క్షేమం.

అప్పట్లో నేను జయనగర్‌లో కాలేజీ లెక్చరర్‌ని. ఇల్లు, కాలేజీ, గాంధీ బజారు: నా లోకమంతా ఆ 60 కిలోమీటర్లలో హాయిగా ఇమిడిపోయేది. క్లచ్చు లేదు, గేర్లు లేవు. సిగ్నల్ దగ్గర ఆగితే బండిలో చప్పుడే ఉండదు, పక్క ఆటోలో మాటలు వినిపించేవి. బ్రేకు వేసినా, పల్లంలో దిగినా కొంత చార్జి తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. వాలు రోడ్డులో చార్జి చూపే ముల్లు కదలికను చూడటం నాకెంత ఇష్టమో చెప్పలేను. స్కూటర్లు తప్ప పట్టని సందుల్లో కూడా బండి నిలిపేదాన్ని.

కానీ మాది హిందూపురం. బెంగళూరు నుంచి వంద కిలోమీటర్ల దూరం. మధ్యలో చార్జింగ్ పెట్టే చోటు లేదు. కారు కొన్నానని ఫోన్ చేస్తే మా అమ్మ అడిగిన మొదటి మాట: "ఊరికి రాని కారు ఎందుకు పాపా?" పండక్కి నేను బస్సులోనే వెళ్లేదాన్ని.

ముందు సీట్ల కింద ఎనిమిది బ్యాటరీలు ఉండేవి. ఒక్కోటి 6 వోల్టులు, అన్నీ సీసం, ఆమ్లంతో పనిచేసేవే. చార్జింగ్ పెట్టినప్పుడల్లా వాటిలో నీరు కొంత ఆవిరవుతుంది కాబట్టి డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి. సీసా పైకెత్తి పట్టుకుంటే సన్నని గొట్టం గుండా గదులన్నిటికీ నీళ్లు చేరేవి. తొందరపడితే పొంగి ఆమ్లం బయటికొస్తుంది. అశ్రద్ధ చేస్తే పలకలు ఎండిపోయి బ్యాటరీ త్వరగా చస్తుంది. ఎంత శ్రద్ధగా చూసుకున్నా వాటి ఆయుష్షు మూడేళ్లు, అంతే.

అసలు లెక్కంతా అక్కడే ఉంది. పూర్తి చార్జికి సుమారు 10 యూనిట్లు. యూనిట్ 5 రూపాయలనుకుంటే 60 కిలోమీటర్లకు 50 రూపాయలు. లీటరు 50 రూపాయలున్న కాలంలో అదే దూరానికి చిన్న కారు తాగే నాలుగు లీటర్ల పెట్రోలుకు 200. ఏడాదికి 9,000 కిలోమీటర్లు తిరిగితే మూడేళ్లకు 67,500 రూపాయలు మిగులుతాయి. ఆ మిగులులో చాలా భాగాన్ని కొత్త బ్యాటరీల సెట్టు ఒక్క దెబ్బకు ఊడ్చుకుపోతుంది. రోజూ కాస్త కాస్తగా పోయే పెట్రోలు ఖర్చుకు మనం అలవాటుపడ్డాం గానీ, మూడేళ్లకోసారి మీదపడే ఖర్చుకు నెలనెలా డబ్బు దాచుకునే వాళ్లెంతమంది?

ఇదే కారు లండన్‌లో జీ-విజ్ పేరుతో అమ్ముడైంది. అక్కడి జమాఖర్చు వేరు. 2003 ఫిబ్రవరి నుంచి నగరం నడిబొడ్డులోకి కారు తెస్తే రోజుకు 5 పౌండ్లు కట్టాల్సి వచ్చింది. కరెంటు కార్లకు అప్పట్లో ఆ రుసుము ఉండేది కాదు. ఆ ఒక్క నిబంధనతో వాళ్లకు బ్యాటరీల ఖర్చు భారం కాకుండా పోయింది. ఢీకొంటే ప్రాణాలకు రక్షణ ఎంత అన్న ప్రశ్న 2007లో బ్రిటన్‌లోనే గట్టిగా లేచింది. అది న్యాయమైన ప్రశ్న. హైవే మీదికి ఆ బండి తీసుకెళ్లకూడదని నేనూ అంటాను. 2010లో రేవా కంపెనీలో మెజారిటీ వాటాను మహీంద్రా కొంది. రేవా తయారీ ఆగిపోయేనాటికి అన్ని దేశాల్లో కలిపి అయిదు వేల బండ్లు కూడా అమ్ముడుపోలేదు.

ఇప్పుడు పరిస్థితి మారింది. 2019 ఆగస్టు నుంచి కరెంటు కార్ల మీద జీఎస్టీ 5 శాతమే. 2020లో వచ్చిన నెక్సాన్ ఈవీ బ్యాటరీకి 8 ఏళ్ల వారంటీ ఇచ్చారు. 2024 నవంబరులో తెలంగాణ రోడ్డు పన్ను కూడా తీసేసింది. ఇప్పటి కార్లలో హిందూపురం ఒక్క చార్జితో వెళ్లొచ్చు.

మారనిది ప్లగ్గు సంగతి. ఆనాడు మా అపార్టుమెంటు సంఘం కింద ప్లగ్గు పెట్టుకోవడానికి ఒప్పుకోలేదు. సొంత మీటరు నుంచి సొంత ఖర్చుతో వైరు లాక్కుంటానన్నా కుదరదన్నారు. చివరికి ఇల్లే మారాను. నేటికీ హైదరాబాదు, విజయవాడ అపార్టుమెంట్ల నుంచి బంధువులు ఫోన్ చేసి ఇదే గోడు చెప్పుకుంటారు. కాబట్టి కొనాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. షోరూముకు వెళ్లే ముందు మీ సంఘంతో మాట్లాడి, మీ పార్కింగ్ దగ్గరికి మీ మీటరు నుంచి లైను వేయించుకునే అనుమతి కాగితం మీద తీసుకోండి. ఆ తర్వాతే అడ్వాన్సు కట్టండి.