జ్ఞానదంతపు వాపు: కాపడమా, చలువయా?



కృష్ణవేణి సముద్రమును గలియు హంసలదీవికి చేరువనున్న మన పాలకాయతిప్పలో పంటినొప్పి నెఱుఁగని యిల్లు లేదు. అందును యౌవనమున దవడచివర మొలచు జ్ఞానదంతము పెట్టు బాధ వేఱు. చోటు చాలక అడ్డముగా మొలచిన ఆ పంటిని వైద్యులు చిగురు కోసి, ఒక్కొక్కచో ఎముకను గొంచెము చెక్కి తీయుదురు. పిమ్మట చెంప ఉబ్బును. ఆ వాపు నెట్లు తగ్గింపవలెనను ప్రశ్నకు దీర్ఘమైన చరిత్ర కలదు. దానితోఁబాటు నేను చేసిన యొక పొరపాటును గూడ నేఁడు మనవి చేసెదను.

ఈ బాధ క్రొత్తది కాదు. సుశ్రుతసంహితలో నిదానస్థానమున ముఖరోగములను జెప్పుచోట 'అధిమాంసకము' అను వ్యాధి కలదు. దవడయందలి కట్టకడపటి పంటికడ పెద్దవాపు, మిక్కుటమైన నొప్పి, నోట చొంగ కాఱుట దాని లక్షణములు. జ్ఞానదంతముపైఁ గప్పియున్న చిగురు వాచుటకు నేఁటి దంతవైద్యులు చెప్పు గుర్తులును ఇవియే. ఆ పెరిగిన మాంసమును గోసి, వస, యవక్షారము మున్నగువాని చూర్ణమును తేనెతో నద్ది, చేదుపొట్ల, వేఁప, త్రిఫలముల కషాయముతో నోరు కడుగుమని సుశ్రుతుఁడు విధించెను. పంటిని పెఱుకుటయన్న ఆయనకు జంకు మెండు. పైవరుస పన్ను కదలుచున్నను పెఱుకరాదనియు, నెత్తురు అధికముగాఁ బోయినచో కన్ను చెడుట, మూతి వంకరపోవుట సంభవించుననియు హెచ్చరించెను. మత్తుమందులు లేని దినములలో ఆ జంకు సహజమే.

రోమునగరమున క్రీస్తుశకము మొదటి శతాబ్దములో సెల్సస్ అను పండితుఁడు ఎఱుపు, వాపు, వేఁడి, నొప్పి అను నాలుగు గుర్తులను ఒక్కచోటఁ జెప్పెను. గాయపడినచోటికి రక్తము అధికముగా వచ్చి, సన్ననాళములనుండి నీరూరి చేరుటయే వాపు. అది దేహము తన గాయమును దాను మాన్పుకొను ప్రయత్నములో నొకభాగము. కాఁబట్టి అన్ని వాపులును శత్రువులు కావు. హద్దు మీఱిన వాపే శత్రువు. 1836లో జర్మనీదేశపు వైద్యుఁడు లుడ్విగ్ దవడక్రింద పుట్టి మెడకుఁ బ్రాకి ఊపిరి నరికట్టు భయంకరమైన వాపును వర్ణించెను. దానికి క్రిందిదవడ దంతములే తఱచుగా మూలము. 1928లో ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను గనుఁగొని, అటుపిమ్మట అది మందుగా వాడుకలోనికి వచ్చువఱకు ఆ వాపు వచ్చినవారిలోఁ బెక్కండ్రు మరణించుచుండిరి. నొప్పినిఁ దెలియనీయని ఉపాయమును వెదకినవారిలో అమెరికా దంతవైద్యులును గలరు: 1844లో వెల్స్ నవ్వుగాలిని, 1846లో మోర్టన్ ఈథరును బ్రయోగించిరి. మనదేశమున 1920లో కలకత్తాయందు రఫీయుద్దీన్ అహ్మద్ దంతవైద్య విద్యాలయమును స్థాపించెను.

ఇఁక నా పొరపాటు. నా మేనల్లునకు జ్ఞానదంతమును దీసిన సాయంకాలము, వైద్యుని మాట పెడచెవినిఁ బెట్టి, ఉప్పు వేయించి మూటకట్టి చెంపకు వేఁడివేఁడిగాఁ గాపడము పెట్టితిని. ఉప్పునీట గట్టిగాఁ బుక్కిలింపఁజేసితిని. "మామయ్యా, నోరంతయు నెత్తురు!" అని వాఁడు రాత్రి కేక పెట్టెను. తెల్లవాఱునప్పటికి కన్ను మూసికొనిపోవునంతగా చెంప ఉబ్బెను. వైద్యుఁడు నన్నేమియు ననలేదు. "తొలినాఁడు వేఁడి కూడదు, చలువయే మేలు" అని మాత్రమే చెప్పెను. చలువ పరదేశపు మాటయనుకొని ఇంటికి వచ్చి సుశ్రుతమును దీసితిని. నెత్తురు నాపుటకు అందు నాలుగుపాయములు కలవు. వానిలో స్కందనమునకు, అనఁగా నెత్తురు గడ్డకట్టుటకు, సాధనము హిమమే. నేను చదివిన శాస్త్రమే నన్ను సిగ్గుపఱచినది.

మఱి మనవారు చలువ నేల వాడలేదు? ఈ ఉప్పునేలలో హిమము దొరకునా? 1833లో బోస్టనునుండి ఓడలో మంచుగడ్డలు కలకత్తాకు వచ్చిన పిమ్మట చెన్నపట్టణమునకును అవి చేరెను. వానిని నిలువచేసిన సముద్రతీరపు ఐస్‌హౌస్ నేఁడు వివేకానందుని పేర నున్నది. పల్లెలకు మాత్రము అది అందని ద్రవ్యము. అందినది ఉప్పుమూటయే. నేఁడో, చేపల పడవలకు నిత్యము ఐసు కావలెను. కాని చేపల ఐసు శుభ్రమైనది కాదు. అది నోట వేసికొనరాదు.

కాఁబట్టి వైద్యుల మాటగా చెప్పుచున్నాను. తొలిదినమున ఐసును శుభ్రమైన గుడ్డలోఁ జుట్టి, చెంపపై పైనుండి 15 లేక 20 నిమిషములుంచి, అంతసేపు విరామమీయవలెను. తల ఎత్తుగాఁ బెట్టి పరుండవలెను. 24 గంటలు పుక్కిలింపరాదు, గట్టిగా ఉమియరాదు. గుంటలోని నెత్తురుగడ్డ ఊడినచో నొప్పి రెట్టింపగును. చుట్ట కాల్చుట మానవలెను. నెత్తురు పలుచఁబఱచు మందులు వాడువారు పన్ను తీయకమునుపే వైద్యునకుఁ జెప్పవలెను. మఱునాఁటినుండి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా నోరు కడుగవలెను. రెండుదినములు గడచినపిమ్మట దవడ బిగిసియున్నచో మన కాపడమునకు అప్పుడు వేళ.

వాపు రెండవ, మూఁడవ దినములలో హెచ్చి, వారములోపలఁ దగ్గుట సహజము. చలువ దానిని బొత్తిగా నాపదు, కొంత తగ్గించును. మూఁడుదినములు దాఁటియు వాపు పెరిగినను, జ్వరము వచ్చినను, మ్రింగుట గాని ఊపిరి తీయుట గాని కష్టమైనను, గృహవైద్యమును విడిచి తక్షణమే ఆసుపత్రికిఁ గొనిపోవలెను. లుడ్విగ్ వర్ణించిన ఆపద అదియే కావచ్చును.

అయ్యలారా! మన యిండ్లలో పిల్లలకు వైద్యము చెప్పు పెద్దలము మనమే. ఉప్పుమూట తప్పు కాదు, ఐసు గొప్ప కాదు. తప్పినది నేను వేళను. ఆ వేళను మీరు తప్పకుందురుగాక.